స్నేహితుడి పెళ్లికి మీరే డీజే అయితే: ఒప్పుకోవడం దగ్గరి నుంచి వైర్లు చుట్టడం దాకా

"పెళ్లిలో పాటలు నువ్వే వేయాలి" అని స్నేహితుడు అడిగితే నోట్లోంచి సరే అనే మాట దానంతట అదే వచ్చేస్తుంది. నాకూ అలాగే వచ్చింది. ఆ తర్వాత ఇప్పటికి అయిదు పెళ్లిళ్లలో ఆ బల్ల వెనుక నిలబడ్డాను. రెండింటిలో పరువు దక్కింది, ఒకదానిలో పోయింది, మిగతా రెండింటి గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనకపోతే పని బాగా జరిగినట్టే అని తెలుసుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది. ఇంట్లో కంట్రోలర్ (ల్యాప్‌టాప్‌లోని పాటలను నడిపే డీజే పరికరం) మీద సరదాగా పాటలు కలిపే అలవాటు ఉండి, వేడుకలో ఎప్పుడూ పాటలు వేయని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఒప్పుకునే ముందు

డీజే బల్ల వెనుక ఉన్నవారు ఆ రోజు అతిథి కారు. అందరూ భోజనం చేస్తుంటే మీరు మైకు పరీక్షిస్తుంటారు. అందరూ ఫొటో దిగుతుంటే మీరు తర్వాతి పాట వెతుకుతుంటారు. దగ్గరి స్నేహితుడి పెళ్లి అయినప్పుడు ఇది చిన్న విషయమేమీ కాదు. ప్రతి ఘట్టంలోనూ అతని పక్కనే ఉండాలని మీకు అనిపిస్తే, మంచి ప్లేలిస్టు తయారుచేసి ఇచ్చి బాధ్యత ఇంకొకరికి అప్పగించడమే మేలు.

చేస్తానంటే మాత్రం ఆ రోజే నాలుగు సంగతులు తేల్చుకోండి. పాటలు ఎన్నింటికి మొదలవ్వాలి, ఎన్నింటికి ఆగాలి? స్పీకర్ల అద్దె ఎవరు కడతారు? మీ శ్రమకు డబ్బు తీసుకుంటున్నారా, అదే మీ కానుకా? ఆ రోజు చిన్న చిన్న నిర్ణయాలు ఎవరిని అడగాలి? డబ్బు సంగతి ఎటూ తేల్చకుండా వదిలేస్తే ఇద్దరి మనసులోనూ ముల్లులా గుచ్చుతూ ఉంటుంది. ఇక నాలుగో ప్రశ్నకు జవాబుగా వధూవరుల పేర్లు రాకూడదు. ప్రసంగాలు ఆలస్యమవుతున్నాయని, హాలు వాళ్లు శబ్దం తగ్గించమన్నారని ప్రతిసారీ వాళ్ల దగ్గరకు పరుగెత్తలేరు. ఇంట్లోవాళ్లలోనో స్నేహితుల్లోనో నలుగురూ మాట వినే మనిషిని ఒకరిని చూసుకుని, ఫోను నంబరు తీసుకోండి. అనుకున్నవన్నీ సందేశంగా రాసి పంపండి. స్నేహితుల మధ్య ఈ రాతకోతలేమిటని నవ్వుతారు. నవ్వనివ్వండి.

మూడు జాబితాలు

జంటతో ఒక గంట కూర్చోండి. తప్పకుండా వేయాల్సిన పాటలు, వేస్తే బాగుండే పాటలు, ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడని పాటలు అని మూడు జాబితాలు రాయించండి. అందరి శ్రద్ధా మొదటిదాని మీదే ఉంటుంది గానీ నన్ను ఎక్కువసార్లు కాపాడింది మూడోదే. ఒక పాట పాత ప్రేమను గుర్తుచేయవచ్చు, ఇంకొకటి ఈ మధ్యే పోయిన మనిషికి ఇష్టమైనది కావచ్చు. కారణం అడగకండి, రాసుకోండి.

మొదటి జాబితాకు మాత్రం హద్దు పెట్టాలి. మూడున్నర నిమిషాల పాటలు పూర్తిగా వేస్తే గంటకు 17 పడతాయి, చివర్లు కాస్త కత్తిరిస్తే 20. నాట్యానికి మూడు గంటలు ఉంటే మొత్తం 50 నుంచి 60 పాటలు. జంట 80 పాటలు తప్పనిసరి అని ఇస్తే మీతో పనేమీ లేదు, బటన్ నొక్కే వేలు ఉంటే చాలు. నేనైతే 15 దగ్గర ఆపమంటాను.

జంట లోపలికి నడిచి వచ్చేటప్పుడు, ఇద్దరూ కలిసి ఆడేటప్పుడు, వేడుక ముగిసేటప్పుడు ఏ పాట కావాలో అడగడం ఒక్కటే సరిపోదు. ఒకే పాటకు అసలు రికార్డింగు, కచేరీలో పాడినది, రీమిక్సు, ఇంకొకరు పాడినది అని నాలుగు రూపాలు ఉంటాయి. వాళ్ల ఫోనులోనే వినిపించమనండి, ఏ సెకను నుంచి మొదలవ్వాలో చూపించమనండి. నా పరువు పోయింది ఇక్కడే. జంట గుమ్మంలోకి వచ్చింది, నేను పాట మొదలుపెట్టాను. వాళ్లకు తెలిసిన రూపంలో మొదటి క్షణంలోనే గొంతు వస్తుంది. నా దగ్గరున్న దానిలో ముందు 40 సెకన్ల పాటు వాన చప్పుడు. అడుగు వేయాలో వద్దో తెలియక ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయి నా వైపు చూశారు, వాళ్లను చూసి హాలంతా నా వైపు తిరిగింది. ముందుకు జరపడానికి చెయ్యి వణికి, పాటే ఆగిపోయింది.

ఇంకో చిన్న మాట. నడుమ ఇద్దరే ఆడుతూ, చుట్టూ అందరూ చూస్తూ ఉంటే అయిదు నిమిషాల పాట ఎంతకీ తరగదు. రెండున్నర నిమిషాలకు కత్తిరించి పెట్టుకోవచ్చా అని అడగండి. దాదాపు అందరూ హాయిగా ఒప్పుకుంటారు.

హాలు చూసి రావడం

పెళ్లికి రెండు వారాల ముందే వెళ్లి చూడండి. ప్లగ్గులు ఎక్కడున్నాయి, బల్ల వేసే చోటికి ఎంత దూరం అన్నది అడుగులతో కొలవండి. మీ సామానుకు ఇచ్చే కరెంటు లైన్ మీదే వంటగది యంత్రాలో పెద్ద దీపాలో ఉంటే వేరే లైన్ అడగండి. లైట్ల డిమ్మర్లు (వెలుగు హెచ్చుతగ్గులు చేసే స్విచ్‌లు) అదే లైన్ మీద ఉన్నప్పుడు స్పీకర్లలోంచి గుయ్యిమనే రొద వస్తుంది. కొన్ని హాళ్లలో శబ్దం హద్దు దాటితే కరెంటే ఆపేసే లిమిటర్ ఉంటుంది. ఆ హద్దు ఎంతో, అది ఎక్కడ కొలుస్తుందో తెలుసుకోండి. రాత్రి ఎన్నింటికి ఆపాలన్న నియమం ఉందా, రికార్డు చేసిన సంగీతం వినిపించడానికి అనుమతి కావాలా, కావాలంటే అది హాలు వాళ్ల దగ్గర ఉందా అని కూడా అడగండి. ఈ నిబంధనలు దేశానికో రకంగా ఉంటాయి.

హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. ప్రతిధ్వని చాలాసేపు వినిపిస్తే ఆ రోజు మాటలు స్పష్టంగా వినపడవు, మైకులో నెమ్మదిగా మాట్లాడాలి. జనం నిండాక పై స్థాయుల శబ్దాన్ని వాళ్ల బట్టలు, ఒళ్లు పీల్చుకుంటాయి కాబట్టి ఖాళీ హాలులో కటువుగా వినిపించినది సాయంత్రానికి కాస్త మెత్తబడుతుంది.

మీ బల్ల డాన్స్ ఫ్లోర్‌కు ఎదురుగా ఉండాలి. అందం కోసం మూలన పెడతామంటే మర్యాదగానే వాదించండి. ఆడేవాళ్ల పాదాలు మీకు కనిపించకపోతే ఆ సాయంత్రమంతా గుడ్డిగా పని చేసినట్టే.

సామాను

రెండు డెక్కులున్న (రెండు పాటలను విడివిడిగా నడిపే) కంట్రోలర్, ల్యాప్‌టాప్, చెవులు పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్, మైకు, స్పీకర్లు. పాటలు కలిపే సాఫ్ట్‌వేర్లలో సెరాటో, రెకార్డ్‌బాక్స్, వర్చువల్ డీజే, ఉచితంగా దొరికే మిక్స్ (Mixxx), వీటిలో మీ చేతికి అలవాటైనదే ఉంచుకోండి. పెళ్లికి వారం ముందు కొత్త కంట్రోలర్ కొనడం, ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మార్చడం లాంటి సాహసాలు వద్దు.

స్పీకర్లు అద్దెకు తీసుకుంటే లోపలే యాంప్లిఫయర్ ఉన్న రకం అడగండి, ఒక బరువు తగ్గుతుంది. వందమంది పట్టే గదికి 12 అంగుళాల జత సాధారణంగా చాలుతుంది. జనం అంతకన్నా బాగా ఎక్కువైనా, ఆరుబయట అయినా సబ్‌వూఫర్ (మంద్రమైన బేస్ శబ్దాల కోసం వాడే స్పీకర్) కూడా కావాలి. ఆరుబయట గోడలు ఉండవు కాబట్టి దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. స్పీకర్లను స్టాండు మీద, తలల కంటే ఎత్తులో పెట్టండి. కింద పెడితే ముందు వరుసలో వాళ్ల చెవులు చిల్లులు పడతాయి, వెనక వాళ్లకు ఏమీ వినపడదు.

వైర్ల దగ్గర పొదుపు పనికిరాదు. కంట్రోలర్ నుంచి స్పీకర్లకు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ వైర్లు వాడండి. అవి బ్యాలెన్స్‌డ్ (దారిలో చేరిన రొదను రద్దుచేసే) రకం కాబట్టి ఎంత దూరం లాగినా దారిలో రొద పెద్దగా చేరదు. ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ వైర్లు రెండు మూడు మీటర్లకే. ప్రతి వైరుకూ ఒక అదనపుది పెట్టుకోండి. డ్రమ్ముకు చుట్టిన ఎక్స్‌టెన్షన్ వైరును మాత్రం పూర్తిగా విప్పాకే వాడాలి, చుట్టి ఉంచితే ఆ చుట్టల్లో వేడి పేరుకుంటుంది.

పాటలు సిద్ధం చేయడం

ఇంటర్నెట్ నుంచి నేరుగా పాటలు వేయాలనే ఆలోచన మానుకోండి. నెట్ ఆగేది సరిగ్గా జంట లోపలికి వస్తున్నప్పుడే. అన్ని పాటలూ కొని, ఫైళ్లుగా ల్యాప్‌టాప్‌లోనే ఉంచుకోండి. ఎంపీ3 అయితే 320 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఉండాలి. 128తో ఉన్న పాత ఫైలు ఇంట్లో బాగానే ఉంటుంది, పెద్ద స్పీకర్లలో తాళాలు, హై హ్యాట్లు నీళ్లలో ముంచినట్టు వినిపిస్తాయి. అవే పాటలు ఒక పెన్‌డ్రైవులో కూడా పెట్టండి. పాత డీజే ప్లేయర్లు చాలావరకు ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవునే చదువుతాయి.

ప్రతి పాట మొదలూ చివరా వినండి. హాట్ క్యూ గుర్తులు (బటన్ నొక్కగానే పాట ఆ చోటికి దూకేవి) పెట్టుకోండి: మొదటి బీట్ ఒకటి, గొంతు మొదలయ్యే చోటు ఒకటి, మీరు బయటకు వచ్చేసే చోటు ఒకటి. ఆ తర్వాత టెంపో లెక్క. 100 బీపీఎం (నిమిషానికి పడే బీట్లు) పాట నుంచి 106కు వెళ్లడానికి 6 శాతం చాలు, వినేవాళ్లకు తెలియదు. 90 నుంచి 120కి వెళ్లాలంటే 33 శాతం లాగాలి, గొంతు గొంతులా ఉండదు. అలాంటి చోట కలపాలని చూడకండి. మైకులో ఒక మాట చెప్పి కొత్త పాట మొదలుపెట్టండి, లేదా బీట్ లేని ఆరంభం ఉన్న పాట వేయండి. 70 బీపీఎం పాట 140 పాటతో చక్కగా కలుస్తుందని కూడా గుర్తుంచుకోండి, ఒకదానికి ఒక బీట్ పడేసరికి రెండోదానికి రెండు పడతాయి. పాతకాలపు పాటల్లో డ్రమ్ము మనిషే వాయించాడు కాబట్టి టెంపో అటూ ఇటూ ఊగుతుంది. సాఫ్ట్‌వేర్ బీట్లు పడే చోట్ల గీసిన గీతలను (గ్రిడ్) నమ్మి వాటిని పొడవుగా కలిపితే అర నిమిషానికల్లా రెండు గుర్రాలు చెరో దారి పడతాయి.

ఒక పాటను ఇంకో పాటలో కలపడం

ఇంట్లో వందసార్లు చేయాల్సిన పని ఇదొక్కటే, అందుకే వివరంగా చెబుతాను. మొదటి పాట 112 బీపీఎంలో నడుస్తోంది, రెండోది 114. రెండోదాన్ని హెడ్‌ఫోన్స్‌లో వింటూ 112కు దించండి. కీ లాక్ ఆన్‌లో ఉంటే శ్రుతి మారదు. దాని బేస్ ఈక్యూ (మంద్ర శబ్దాన్ని పెంచి తగ్గించే నాబ్) పూర్తిగా తగ్గించి, మొదటి బీట్ మీద సిద్ధంగా ఉంచండి.

డాన్సు పాటలు ఎక్కువగా నాలుగేసి బీట్ల బార్లుగా, ఎనిమిదేసి బార్ల గుత్తులుగా కట్టి ఉంటాయి. అంటే 32 బీట్లకు ఒకసారి పాటలో ఏదో మార్పు వస్తుంది. మొదటి పాటలో గొంతు ఆగి, చివరి గుత్తి మొదలయ్యే బీట్ మీద ప్లే నొక్కండి. మొదటి నాలుగు బార్లలో రెండో పాట ఫేడర్‌ను (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీట) మెల్లగా పైకి తీసుకురండి. బేస్ లేదు కాబట్టి కొత్త తాళం ఎక్కడి నుంచో సన్నగా దగ్గరకు వస్తున్నట్టు ఉంటుంది. అయిదో బార్ మొదటి బీట్‌కు రెండు చేతులూ ఒకేసారి కదలాలి: పాత పాట బేస్ కిందికి, కొత్త పాట బేస్ పైకి. మిగిలిన నాలుగు బార్లలో పాతదాన్ని దించేయండి. 112 బీపీఎంలో ఈ తతంగమంతా సుమారు 17 సెకన్లు. రెండు బేస్‌లు ఒకేసారి మోగనివ్వకపోవడం, రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి పడనివ్వకపోవడం చూసుకుంటే చాలు, ఇతర లోపాలు జనానికి పట్టవు.

బీట్ జారిపోతోందని అనిపిస్తే ఫేడర్ దించేసి నేరుగా కొత్త పాటలోకి వెళ్లండి. పాడైన కలయికను బాగుచేయాలని చూసేకొద్దీ చప్పుడు ఇంకా గందరగోళమవుతుంది.

ఆ రోజు

అతిథులు రావడానికి మూడు గంటల ముందే చేరుకోండి. వైర్లన్నీ బిగించాక మొదట కంట్రోలర్, చివర స్పీకర్లు ఆన్ చేయాలి. వరుస తప్పితే స్పీకర్లు దబ్బుమంటాయి. నడిచే దారిలో ఉన్న ప్రతి వైరునూ గుడ్డ టేపుతో నేలకు అతికించండి. ల్యాప్‌టాప్‌లో నోటిఫికేషన్లు, వైఫై, స్క్రీన్ సేవర్, అప్‌డేట్లు అన్నీ ఆపేయండి, చార్జర్ పెట్టి ఉంచండి.

ఇప్పుడు మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా గట్టిగా మోగే పాట వేసి గెయిన్ (కంట్రోలర్‌లోకి వచ్చే శబ్దం స్థాయి) సరిచేయండి. మీటరు ఆకుపచ్చలో ఉంటూ, ఎప్పుడైనా పసుపును తాకాలి. ఎరుపు తగిలితే శబ్దం ఏమీ పెరగదు, చిట్లుతుంది, ఆ చిట్లిన శబ్దమే ట్వీటర్లను (స్పీకర్లలో సన్నని శబ్దాలు పలికే భాగాలు) కాల్చేస్తుంది. ఇంకా గట్టిగా కావాలంటే స్పీకర్ వెనకున్న నాబ్ పెంచండి.

మైకును స్పీకర్ల ముందుకు తీసుకెళ్లకూడదు. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి పోయి తిరుగుతూ ఉంటే కుయ్యిమని కూస్తుంది. కూత రాగానే మైకు ఫేడర్ దించండి, మాట్లాడేవారిని స్పీకర్ల వెనక్కు రమ్మనండి. ప్రసంగించే ప్రతి ఒక్కరికీ మైకు చేతికిస్తూ ఒక్క మాట చెప్పండి: గడ్డానికి దగ్గరగా పట్టుకోండి, జాలీని అరచేత్తో మూయకండి. వైర్‌లెస్ మైకుకు కొత్త బ్యాటరీలు వేయండి. ఇంకో సంగతి, మాట అయిపోగానే మైకు ఆపండి. ఆపకుండా నేను పక్కనున్న మిత్రుడితో "ఈ ప్రసంగం ఎప్పుడు అయిపోతుందో" అన్నాను. హాలంతా విన్నది. ప్రసంగిస్తున్న పెద్దాయన పెద్ద మనసుతో "ఇంకో రెండు నిమిషాలు బాబూ" అన్నారు.

అతిథులు వస్తున్నప్పుడు, భోజనాల వేళ, బల్లకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలగాలి. నాట్యం మొదలయ్యాక పెంచవచ్చు, అయితే హద్దుంది. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండవచ్చని, ఆపైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుందని వృత్తి ఆరోగ్య నిపుణులు వాడే ఒక ప్రమాణం. అంటే 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పావుగంట. సంగీత వేదికల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణంలోనూ 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ మించకూడదని ఉంది. ఫోనులో డెసిబెల్ మీటర్ ఉజ్జాయింపే గానీ అసలు లేకపోవడం కన్నా నయం. పిల్లల, వృద్ధుల కుర్చీలు స్పీకర్ల పక్కన లేకుండా చూడండి. మీరూ చెవి ప్లగ్గులు పెట్టుకోండి, అలసిన చెవి శబ్దాన్ని పెంచుకుంటూనే పోతుంది.

జనాన్ని చదవడం

1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పార్టీలు చేసిన డీజే కూల్ హెర్క్ ఒక సంగతి గమనించాడు: పాటలో గొంతు ఆగి, తాళం ఒక్కటే మోగే ఆ కొద్ది సెకన్ల కోసమే కొందరు కాచుకుని ఉంటున్నారు. దాంతో అదే రికార్డు ప్రతులు రెండు పెట్టి ఆ భాగాన్నే పొడిగించాడు. హిప్‌హాప్‌కు బీజం అక్కడే పడిందంటారు. మనం అంత చేయనక్కరలేదు, అతను చూసినట్టు పాదాలను చూస్తే చాలు.

మొదటి 20 నిమిషాలు అందరికీ తెలిసిన పాటలే వేయండి. సగంమంది ఇంకా తింటుండగా మీ దగ్గరున్న గొప్ప పాటలు ఖర్చు చేయకండి. మూడు నాలుగు పాటలు ఒక తరం వాళ్లకు, తర్వాత మూడు నాలుగు ఇంకో తరానికి. కూర్చున్నవారిలో ఎవరి మోకాలు ఊగుతోందో చూడండి, తర్వాతి పాట ఆ మోకాలికి.

ఒకసారి నాకు ఎంతో ఇష్టమైన, ఎవరూ వినని రీమిక్సు వేశాను. ముందు అంచున ఉన్నవారు మాటల్లో పడ్డారు. తర్వాత నడుమ ఉన్నవారు మంచినీళ్ల వైపు నడిచారు. నిమిషంన్నరకు ఫ్లోర్ మీద తనచుట్టూ తాను తిరిగే నాలుగేళ్ల పాప ఒక్కతే మిగిలింది. అలాంటప్పుడు ఠక్కున పాట ఆపకండి, తప్పు జరిగిందని చాటినట్టవుతుంది. తొలి చరణం అయ్యాక, తప్పనిసరి జాబితాలోంచి ఒకటి తీయండి. ఆ జాబితాలోంచి మూడు నాలుగు పాటలు ఇలాంటి ఆపద కోసం దాచి ఉంచుకోవాలి.

పాటలు కోరుతూ బల్ల దగ్గరకు వస్తూనే ఉంటారు. కాగితం, పెన్ను పెట్టండి, రాసి వెళ్లమనండి. వేయకూడని జాబితాలోది అడిగితే "జంట ఇచ్చిన జాబితాలో లేదండీ" అనండి, వాదన పెరగదు. మత్తులో ఉన్నవారు బల్ల మీద గ్లాసు పెట్టబోతే మాత్రం మొహమాటపడకండి. కంట్రోలర్ మీద నీళ్లు ఒలికితే సాయంత్రం అక్కడితో సరి.

ల్యాప్‌టాప్ ఆగిపోతే

ఆగిపోవచ్చు. అందుకే ఫోనును మిక్సర్‌లోని వేరే చానల్‌కు వైరుతో కలిపి, గంటన్నర సరిపడా ప్లేలిస్టు సిద్ధంగా ఉంచండి. ఫోను విమానం మోడ్‌లో ఉండాలి, లేకపోతే ఎవరో ఫోను చేసి హాలంతటికీ రింగ్‌టోన్ వినిపిస్తారు. తెర కదలకపోతే ముందు ఫోనులో పాట మొదలుపెట్టండి, ఆ తర్వాతే రీస్టార్ట్ గురించి ఆలోచించండి. అయిదు సెకన్ల నిశ్శబ్దాన్ని ఎవరూ పట్టించుకోరు, అర నిమిషమైతే అందరూ తిరిగి చూస్తారు.

ముగింపు వేళ

ఆపాల్సిన సమయానికి పావుగంట ముందు, మొదట్లో నంబరు తీసుకున్న మనిషిని కలిసి చివరి పాట ఎప్పుడో ఖరారు చేసుకోండి. "ఇది చివరి పాట" అని మైకులో ఒక్కసారే చెప్పండి. అది అయ్యాక నిశ్శబ్దంలో దీపాలు వెలిగితే జనం ఒక్కసారిగా తోసుకుంటారు, అందుకని చిన్న శబ్దంతో నెమ్మదైన పాటలు రెండు మూడు నడవనివ్వండి.

ఇప్పుడు వరుస తిరగబడుతుంది: ముందు స్పీకర్లు ఆఫ్, ఆ తర్వాత కంట్రోలర్. వైర్లను మోచేతికి బిగించి చుట్టకండి, లోపలి తీగలు మెలిపడి తెగుతాయి. చేతిలో వదులుగా గుండ్రంగా చుట్టండి. అద్దె సామాను లెక్క చూసేటప్పుడు వచ్చినప్పటి జాబితా చేతిలో ఉండాలి, తరచుగా పోయేది స్పీకర్ల కరెంటు వైరే. సాఫ్ట్‌వేర్‌లో ఆ రాత్రి వేసిన పాటల చరిత్ర వరుసగా నిలిచి ఉంటుంది. దాన్ని సేవ్ చేసి, రెండు మూడు రోజులాగి స్నేహితుడికి పంపండి. వాన చప్పుడు పాట కూడా తీసేయకుండా పంపాను నేను. ఇంట్లో ఇప్పుడు అదే రూపం వేసుకుంటున్నారట.